ఎర్రనీళ్ళ రంగు



ఆషాఢం సగం గడిచేసరికి రాజమండ్రిలో గోదావరికి ఎర్రనీళ్ళు వస్తాయి. ముందురోజు దాకా తేటగా, లేత ఆకుపచ్చగా ఉన్న నది తెల్లారేసరికి చిక్కటి టీ రంగులోకి మారిపోతుంది. కోటిలింగాల రేవులో స్నానానికి దిగినవాళ్ళు ఒకరికొకరు ఆ కబురే చెప్పుకుంటారు. ఏడేళ్ళ క్రితం అలాంటి ఒక పొద్దున ఆ రేవు మెట్ల మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి నది బొమ్మ వెయ్యాలని కుంచె పట్టుకున్నాను. అప్పటికి నాకు 60 ఏళ్ళు. 32 ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, అంతకు నెల రోజుల ముందే రిటైరయ్యాను.

నా చేతిలో ఉన్నది మా మనవరాలి రంగుల డబ్బా. పన్నెండు బిళ్ళలు. నీలం బిళ్ళ మీద తడి కుంచె రుద్ది, కాగితం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీశాను. తలెత్తి చూస్తే ఎదురుగా గోదావరి ఎర్రగా పారుతోంది. కాగితం మీద మాత్రం నీలంగా ఉంది. కళ్ళెదుట ఉన్నదాన్ని వదిలేసి, నది అంటే నీలం అని చిన్నప్పుడు ఎప్పుడో నేర్చుకున్నదాన్ని వేశానని అప్పుడు తెలిసింది. పుట్టి పెరిగిన ఊళ్ళో, రోజూ చూసే నది రంగేమిటో నాకు తెలియదు. ఆ సంగతి మనసులో బాగా నాటుకుంది. ఆ ఎర్రనీళ్ళ రంగును పట్టుకోవాలని మొదలైన ప్రయత్నమే ఈ ఏడేళ్ళ అభ్యాసం. ఈ రోజు మీతో చెప్పుకోవాలనుకున్నది దాని గురించే. నీటిరంగులు నేర్చుకోవడం గురించి, కొత్త రంగులను పరిచయం చేసుకోవడం గురించి.

మా వీధి చివర ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. ఆయన దగ్గరికి వెళ్ళి, "మాస్టారూ, నాకు నీటిరంగులు నేర్పుతారా?" అని అడిగాను. ఆయన ఒక తెల్ల పింగాణీ పళ్ళెం, రెండు గ్లాసుల నీళ్ళు, ఒక్కటంటే ఒక్క నీలం ట్యూబు నా ముందు పెట్టారు. "అమ్మా, నెల రోజులు ఈ ఒక్క రంగే. మీరు నేర్చుకోవాల్సింది ముందు నీళ్ళ సంగతి" అన్నారు.

ఆయన చెప్పిన మొదటి పాఠం ప్రతి తెలుగింట్లోనూ అర్థమయ్యే మాట. రంగును మూడు రకాలుగా కలపాలి. మజ్జిగ తేటంత పల్చగా, మజ్జిగలాగా, పెరుగులాగా. మజ్జిగ తేటంత పల్చటి రంగుతో ఆకాశం, దూరపు కొండలు. మజ్జిగలాంటి రంగుతో దగ్గరి చెట్లు, ఒడ్డు. పెరుగంత చిక్కటి రంగుతో చివర్లో పెట్టే చుక్కలు, పడవ అంచు, వంతెన కమ్మీ. ఆ మూడింటినీ కాగితం మీద పక్కపక్కన పెట్టి ఆరాక చూడమన్నారు. ఆరాక మూడూ ఒక మెట్టు దిగిపోయాయి. నీటిరంగు తడిగా ఉన్నప్పుడు కనిపించినంత చిక్కగా ఆరాక ఉండదు. ఆ తగ్గింపును ముందే లెక్కలో వేసుకుని, కావలసినదానికంటే ఒక పిసరు ఎక్కువగా కలుపుకోవాలి. లెక్కల టీచరుగా ఆ మాట నాకు చాలా నచ్చింది.

రెండో పాఠం ఆగడం. తడి మీద తడి వేస్తే రంగులు ఒకదానిలోకి ఒకటి పాకుతాయి. మబ్బులకు, పొగమంచుకు అదే కావాలి. ఆరినదాని మీద వేస్తే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. వంతెనకు, పడవకు అది కావాలి. ఈ రెండింటికీ మధ్య సగం ఆరిన సమయం ఒకటుంది. అప్పుడు చెయ్యి పెట్టకూడదు. సగం ఆరిన చోట ఒక నీటిచుక్క పడితే, ఆ నీరు అక్కడున్న రంగును నెట్టుకుంటూ పోయి, కాలీఫ్లవరు అంచులాంటి మరకను మిగులుస్తుంది. ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు ఆగాలో కాగితమే చెబుతుంది. పక్క నుంచి చూస్తే తడి కాగితం మీద వెలుగు తళతళలాడుతూ ఉంటుంది. ఆ తళుకు తగ్గి, కాగితం కేవలం చెమ్మగా కనిపించినప్పుడు చెయ్యి తీసెయ్యాలి. పూర్తిగా ఆరిందో లేదో తెలియాలంటే వేళ్ళ వెనుక భాగాన్ని కాగితానికి ఆనించి చూడాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

ఇంట్లో బల్ల మీద పడిన కాఫీ చుక్క ఆరాక చూశారా? మధ్యలో లేతగా, అంచున ముదురుగా ఉంటుంది. చుక్క అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి మధ్యలో ఉన్న నీరు అంచుకు పారుతూ, తనతో పాటు రేణువులను మోసుకుపోతుంది. ఈ సంగతిని 1997లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు వివరంగా రుజువు చేశారు. నీటిరంగులో పూరేకు చుట్టూ సన్నటి ముదురు గీత దానంతటదే ఏర్పడేది కూడా ఇందువల్లే. చిత్రకారులు ఆ గీత కోసం ప్రయాసపడరు. నీళ్ళకు వదిలేస్తారు.

ఇంతకీ నీటిరంగు అంటే ఏమిటి? మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి అంటిపెట్టే బంక. ప్రధానంగా ఈ రెండే. ఆరిపోయి పెళుసెక్కకుండా కాస్త గ్లిజరినో, తేనెనో కలుపుతారు. ఆ బంక మనకు కొత్తదేమీ కాదు. సూడాను దేశంలో ఎక్కువగా దొరికే ఒక జాతి తుమ్మచెట్టు బంక అది. మన తుమ్మబంకకు దగ్గరి చుట్టం. నా చిన్నతనంలో కవర్లు అంటించడానికి సీసాలో తుమ్మబంక నానబెట్టి ఉంచేవాళ్ళు. రంగుల ట్యూబు మూత తీసినప్పుడల్లా ఆ సీసా గుర్తొస్తుంది. మన చేర్యాల నకాషీ చిత్రకారులు కూడా గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పేస్టు, బంకనీళ్ళు పట్టించి, ఆ తరవాతే బొమ్మ మొదలుపెడతారు. రంగును పట్టి ఉంచేది బంక అన్న సంగతి మనవాళ్ళ చేతులకు తరాలుగా తెలుసు.

నెల తరవాత మాస్టారు నాకు ఆరు రంగులు ఇచ్చారు. నిమ్మపండు పసుపు, గులాబీ, అల్ట్రామెరైన్ నీలం, థాలో నీలం, ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టి, బర్న్‌ట్ సియెన్నా అనే కాల్చిన మట్టి. "ఈ ఆరింటితో కలపలేని రంగు మీకు ఎదురైన రోజు నాకు చెప్పండి" అన్నారు. ఏడాది పాటు ఆ ఆరే వాడాను. వాటిలో రెండింటి గురించి మీకు కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటిది అల్ట్రామెరైన్. ఒకప్పుడు దీన్ని ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల్లో దొరికే లాపిస్ లాజులీ రాయిని నూరి చేసేవారు. బంగారంతో పోటీపడే ధర పలికేది. అంత ఖరీదు భరించలేక ఫ్రాన్సులో ఒక సంఘం 1824లో, దాన్ని చవకగా తయారుచేసే పద్ధతి కనిపెట్టినవారికి 6,000 ఫ్రాంకుల బహుమానం ప్రకటించింది. 1828లో ఆ బహుమానం గిమే అనే రసాయన శాస్త్రజ్ఞుడికి దక్కింది. ఆ నీలం తరవాత తరవాత ఎంత చవకైందంటే, తెల్లబట్టలకు పెట్టే నీలంపొడిగా మన చాకిరేవుల దాకా వచ్చింది. ఖరీదైన చిత్రాలకే అందిన నీలమూ, మా అమ్మ బకెట్లో కలిపిన నీలమూ ఒకటేనని తెలిసిన రోజు, ఆ ట్యూబును చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

రెండోది బర్న్‌ట్ సియెన్నా. ఇటలీలో సియెనా అనే ఊరి పేరు మీద వచ్చిన పేరు. అక్కడి పసుపు మట్టిని కాలిస్తే ఎర్రబడుతుంది. కుమ్మరి ఆవంలో పెట్టిన కుండ ఎర్రబడినట్టే. మట్టిలోని ఇనుముతో కలిసి ఉన్న నీరు వేడికి పోయి, ఎర్రటి ఐరన్ ఆక్సైడు మిగులుతుంది. ఈ కాల్చిన మట్టిని, ఆ అల్ట్రామెరైన్ నీలాన్ని సమానంగా కలిపితే ఎంతో అందమైన బూడిద రంగు వస్తుంది. నీలం కాస్త ఎక్కువైతే వానమబ్బు. మట్టి కాస్త ఎక్కువైతే తడిసిన ఇసుక. చిన్నప్పటి నుంచి చూసిన ఆషాఢపు ఆకాశం మొత్తం ఆ రెండు ట్యూబుల మధ్య ఉంది.

ఇక కొత్త రంగుల సంగతి. రంగులతో కాస్త చనువు పెరిగాక అందరికీ ఒక ఆశ పుడుతుంది. దుకాణంలో వరసగా పేర్చిన ట్యూబులు చూస్తే చెయ్యి ఆగదు. నాకూ పుట్టింది. ఒకసారి ఒక దుకాణంలో, "మేడమ్, ఇది కొత్తగా వచ్చింది, ఎంత బ్రైట్‌గా ఉంటుందో చూడండి" అని ఒక గులాబీ రంగు చూపించారు. నిజంగానే కళ్ళు చెదిరే రంగు. మా పెరటి కాగితం పూలకు ఇదే సరైన రంగు అనిపించి కొన్నాను. ఆ వారమే మనవరాలి పుట్టినరోజుకు కాగితం పూల గుత్తి వేసి, ఫ్రేము కట్టించి, పిల్ల గదిలో కిటికీకి ఎదురుగా తగిలించాను. బొమ్మ చూసిన మాస్టారు అడిగారు.

"అమ్మా, ఈ రంగు మీకు ఎన్నాళ్ళ పరిచయం?"

"పోయిన వారమే కొన్నానండీ."

ఆయన ఇంకేమీ అనలేదు. ఏడాది తిరిగేసరికి మనవరాలు అడిగింది, "అమ్మమ్మా, నా పువ్వులు ఎందుకు తెల్లబడిపోయాయి?" అని. వెళ్ళి చూస్తే ఆకులు, కొమ్మలు అలాగే ఉన్నాయి. పూలలోని మెరుపంతా పోయి, వెలిసిన చీర అంచులా లేత గులాబీ మాత్రం మిగిలింది. అలాంటి మెరుపు గులాబీల్లో నిలకడైన రంగుపొడితో పాటు, వెలుగు తగిలితే మెరిసే ఒక అద్దకపు రంగు కలుస్తుంది. ఆ మెరుపును ఇచ్చే భాగం ఎండకు త్వరగా చచ్చిపోతుంది. రంగుపొడి నిలుస్తుంది. ఆ పిల్ల ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. పిల్లకు ఇచ్చిన కానుక ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలుసుకోకుండా ఇచ్చాను. కొత్త రంగు కొనడం వేరు, దాన్ని తెలుసుకోవడం వేరు అని నాకు తెలిసొచ్చింది అప్పుడే.

ఎండకు రంగులు వెలవడం గురించి లోకానికి చాలాకాలంగా పట్టింపు ఉంది. ఇంగ్లండులో రస్సెల్, అబ్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నీటిరంగుల మీద వెలుగు ప్రభావాన్ని పరీక్షించి 1888లో ప్రభుత్వానికి ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. అప్పటిదాకా అందరూ ఇష్టంగా వాడిన రంగుల్లో కొన్ని వెలుగుకు ఆగవని అందులో తేలింది. ఇవాళ మంచి ట్యూబుల మీద ఆ రంగు వెలుగుకు ఎంత ఆగుతుందో నక్షత్రాలతోనో, అంకెలతోనో ముద్రిస్తున్నారు. కళ్ళద్దాలు పెట్టుకునైనా సరే, అది చదివి కొనండి.

దాని పక్కనే ఇంకొక అంకె ఉంటుంది. పీబీ 29, పీబీఆర్ 7, ఇలాగ. రంగుకు కంపెనీలు పెట్టే పేర్లు రకరకాలు. ఈ అంకె మాత్రం లోపల ఉన్న రంగుపొడికి ప్రపంచమంతా వాడే గుర్తు. పేరు మారినా అంకె మారదు. పీబీ 29 అంటే ఏ దేశపు ట్యూబులోనైనా అల్ట్రామెరైనే. ఉదాహరణకు ఇండిగో అని రాసిన ట్యూబు తీసుకోండి. పేరు చూసి మన నీలిమొక్క రంగు అనుకుంటాం. ఒకప్పుడు కడప, నెల్లూరు ప్రాంతాల్లో విస్తారంగా పండించిన నీలిమందు అది. ఈనాటి ట్యూబుల్లో చాలావాటిలో నీలిమొక్క ఛాయ కూడా ఉండదు. ఒక నీలాన్ని, ఒక నలుపును కలిపి ఆ రంగు వచ్చేలా చేస్తారు. అలాగే ఇండియన్ ఎల్లో. బీహారులో మిర్జాపూర్ అనే ఊళ్ళో ఆవులకు మామిడాకులు మేపి, వాటి మూత్రం నుంచి ఆ పసుపు తీసేవారని 1883లో త్రైలోక్యనాథ్ ముఖర్జీ లండనుకు రాసిన ఉత్తరంలో వివరించారు. ఆ పసుపు ఇప్పుడు తయారు కాదు. పేరు మాత్రం మిగిలింది. ఇప్పటి ఇండియన్ ఎల్లోలో ఉండేది వేరే రసాయనం. ఏ పొడి ఉందో చెప్పేది అంకె ఒక్కటే. ట్యూబు మీద ఒకే అంకె ఉంటే ఆ రంగు ఇతర రంగులతో శుభ్రంగా కలుస్తుంది. మూడు నాలుగు అంకెలు ఉంటే అది ముందే కలిపిన రంగు. దానికి మనం ఇంకో రెండు కలిపితే తేట పోయి మురికిగా తయారవుతుంది.

సరే, అంకె చదివి ఒక కొత్త రంగు కొన్నాం. ఇప్పుడు దాన్ని ఎలా తెలుసుకోవాలి? నేను చేసే నాలుగు పరీక్షలు చెబుతాను. అరచేతి వెడల్పు కాగితం ముక్క తీసుకోండి. దాని మీద ముందు పర్మనెంటు మార్కరుతో అడ్డంగా ఒక నల్లగీత గీయండి. పెరుగంత చిక్కటి రంగును ఆ గీత మీదుగా పూయండి. ఆరాక గీత కనిపిస్తుంటే అది పారదర్శకమైన రంగు. గీత మసకబారితే కప్పేసే రంగు. ఒకదాని మీద ఒకటి పొరలుగా వెయ్యడానికి పారదర్శకమైనది పనికొస్తుంది.

రెండో పరీక్ష, అదే రంగును కాగితం మీద ఒక చోట చిక్కగా పెట్టి, నీళ్ళతో పక్కకు లాగుతూ పోండి. పెరుగు నుంచి మజ్జిగ, మజ్జిగ నుంచి తేట. ఆరాక దగ్గర పెట్టుకుని చూడండి. కొన్ని రంగులు అద్దంలా నున్నగా పరుచుకుంటాయి. థాలో నీలం అలాంటిది. కొన్ని గుంటల్లో పేరుకుని, సన్నటి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. అల్ట్రామెరైన్ అలాంటిది. ఆ రేణువులు కాస్త బరువుగా, పెద్దగా ఉండి, కాగితం గుంటల్లోకి దిగి స్థిరపడతాయి. దీన్ని గ్రాన్యులేషన్ అంటారు. మొదటిసారి దాన్ని భూతద్దంలో చూసినప్పుడు నాకు వరద తీసిన తరవాతి లంక గుర్తొచ్చింది. నీరు పల్లంలోకి దిగుతుంది, ఒండ్రు అక్కడే ఆగిపోతుంది. కాగితం మీద చిన్న గోదావరి పారి వెళ్ళినట్టే ఉంది.

మూడోది, ఆరిన రంగు మీద తడి కుంచెతో నాలుగుసార్లు మెల్లగా రుద్ది, పాత నూలుగుడ్డతో అద్దండి. రంగు లేచి తెల్లకాగితం కనిపిస్తే, ఆ రంగుతో పొరపాట్లు దిద్దుకోవచ్చు. మబ్బుల అంచులు, నీటి మీద వెలుగుగీతలు తీయవచ్చు. లేవకుండా కాగితానికి పట్టుకుపోతే, ఆ రంగును వేసేముందే ఆలోచించుకోవాలి.

నాలుగోది ఎక్కువ కాలం పట్టేది. ఆ రంగుతో ఒక పట్టీ వేసి, సగానికి నల్ల అట్ట కట్టి, ఎండ తగిలే కిటికీ అద్దానికి అంటించండి. నేను ఉగాదికి పెట్టి దసరాకి తీస్తాను. నడి వేసవి అంతా అది చూస్తుంది. అట్ట తీసి చూసినప్పుడు రెండు సగాలూ ఒకేలా ఉంటే, ఆ రంగుతో వేసిన బొమ్మను ఎవరికైనా ధైర్యంగా ఇవ్వవచ్చు. ఈ నాలుగు పరీక్షలూ అయ్యాక ఆ కాగితం ముక్క వెనక రంగు పేరు, అంకె, తేదీ రాసి ఒక పుస్తకంలో అంటిస్తాను. ఏడేళ్ళలో ఆ పుస్తకంలో 41 రంగులు చేరాయి. వాటిలో నా పళ్ళెం మీద చోటు దొరికినవి తొమ్మిది.

కొత్త రంగు కొనాలనుకునేవారికి ఒక మాట. డబ్బు పరిమితంగా ఉంటే ముందు కాగితానికి ఖర్చుపెట్టండి. మామూలు డ్రాయింగు షీటు నీళ్ళు తగలగానే ఉబ్బి మడతలు పడుతుంది. మంచి రంగు కూడా దాని మీద ఏడుపు మొహం పెడుతుంది. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న కాగితం, అందులోనూ పత్తితో చేసినది, నీటిని లోపలికి తీసుకుని నిదానంగా వదులుతుంది. ఆ నిదానమే మనకు పని చేసుకునే వ్యవధి. జైపూర్ పక్కన సాంగనేరులో కాగజీలు అనే కుటుంబాలు తరతరాలుగా పత్తిగుడ్డ పీలికల నుంచి చేతితో కాగితం తయారుచేస్తున్నాయి. అలాంటి కాగితం మీద పిల్లల రంగుబిళ్ళ కూడా వెలుగుతుంది. పెద్ద షీటు కొని నాలుగు ముక్కలు చేసుకోండి. రెండు వైపులా వాడుకోండి.

ఇంకో మాట మన వాతావరణం గురించి. పుస్తకాల్లో రాసినవి ఎక్కువగా చలిదేశాల లెక్కలు. మా ఊళ్ళో రోహిణీకార్తెలో మధ్యాహ్నం ఆకాశం వేస్తే, కుంచె ఆ చివరికి వెళ్ళేలోపు ఈ చివర ఆరిపోతుంది. అందుకని వేసవిలో తెల్లవారుజామున వేస్తాను. ఫ్యాను ఆపేస్తాను. కాగితాన్ని వెనకవైపు కూడా తడుపుతాను. శ్రావణ భాద్రపదాల్లో దానికి పూర్తిగా వ్యతిరేకం. గంట గడిచినా కాగితం చెమ్మ వదలదు. ఆ నెలల్లో రంగులపెట్టె తడిగా ఉండగానే మూత వేస్తే బూజు పడుతుంది. తేనె ఎక్కువ కలిపిన రంగులైతే గట్టిపడవు. పెట్టె నిలబెడితే కారిపోతాయి. పని అయ్యాక పెట్టెను తెరిచి, రాత్రంతా గాలికి ఆరనివ్వాలి. రంగు గుణం తెలుసుకోవడం అంటే, మన ఊరి ఎండలో, మన ఊరి వానలో అది ఎలా ఉంటుందో తెలుసుకోవడమే.

మా ఊరి మాట వచ్చింది కాబట్టి ఒక పేరు తలుచుకోకుండా ఉండలేను. చిత్రకారులు దామెర్ల రామారావుగారు. 1897లో పుట్టి, 1925లో, 28 ఏళ్ళు నిండకముందే మశూచితో వెళ్ళిపోయారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలోని విద్యను గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకోవడానికి తోడ్పడ్డారు. కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. బొంబాయిలో చదువు ముగించుకుని తిరిగొచ్చిన రామారావుగారు రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. ఆయన పోయాక మిత్రులు, శిష్యులు ఆ పనిని నిలబెట్టారు. ఆయన పేరుతో మా ఊళ్ళో చిత్రశాల ఉంది. అక్కడి నీటిరంగుల ముందు నిలబడి చూడండి. వందేళ్ళ కిందటి కాగితం మీద వంటి ఛాయ, చీర మడత ఎంత పల్చటి పొరల్లో వేశారో, ఒక్కో పొర ఆరేదాకా ఎంత ఓపిక పట్టారో కనిపిస్తుంది. రాజమండ్రి వచ్చినవాళ్ళు గోదావరిలో స్నానం చేసి, కడియం వెళ్ళి పూలమొక్కలు కొనుక్కుని వెళ్ళిపోతారు. దయచేసి ఒక్క గంట ఆ చిత్రశాలకు ఇవ్వండి. పిల్లలను తీసుకెళ్ళండి.

ఇంత చెప్పాను గానీ, మొదట మొదలుపెట్టిన ఎర్రనీళ్ళ సంగతి ఇంకా చెప్పలేదు. ఐదేళ్ళ పాటు ప్రతి ఆషాఢంలోనూ ఆ రంగు కోసం వెతికాను. ఓకర్‌లో సియెన్నా కలిపాను. దానికి గులాబీ జోడించాను. దగ్గరికి వచ్చినట్టే వచ్చి, ఆరాక ఇటుక రంగులోకో, బెల్లం రంగులోకో వెళ్ళిపోయేది. రెండేళ్ళ క్రితం వరద తీశాక రేవుకు వెళ్ళాను. మెట్ల మీద వేలు మందాన ఒండ్రు పేరుకుని ఉంది. పాదం కింద వెన్నలా మెత్తగా ఉంది. ఐదేళ్ళుగా దుకాణాల్లో వెతుకుతున్నది ఇదే కదా అనిపించింది. ఒక డబ్బాలో నింపుకుని ఇంటికి తెచ్చాను.

బకెట్టు నీళ్ళలో ఆ మట్టి వేసి బాగా కలిపాను. చిన్న రాళ్ళు, ఇసుక వెంటనే అడుగుకు దిగిపోయాయి. పైన తేలిన మురికినీటిని మెల్లగా ఇంకో గిన్నెలోకి వంచాను. అలా మూడుసార్లు చేశాక, చివరి గిన్నెను కదపకుండా రెండు రోజులు ఉంచాను. పైన తేటనీరు, అడుగున మీగడలాంటి మెత్తటి పొర. నీరు వంచేసి, ఆ పొరను నీడలో ఆరబెట్టాను. పిడికెడు పొడి వచ్చింది. వేళ్ళ మధ్య రాస్తే ముఖానికి రాసుకునే పౌడరులా ఉంది. అందులో సగాన్ని ఇనప పెనం మీద సన్నటి సెగన గంటసేపు వేయించాను. ఇందాక చెప్పిన కుమ్మరి ఆవం సంగతే నా కళ్ళెదుట జరిగింది. గోధుమ రంగు పొడి నెమ్మదిగా ఎర్రబడింది.

మందపాటి అద్దం పలక మీద ఆ పొడి పోసి, మధ్యలో గుంట చేసి, నానబెట్టి వడగట్టిన బంకనీళ్ళు, రెండు చుక్కల తేనె వేశాను. అడుగు బల్లపరుపుగా ఉన్న గాజు గిన్నెతో నూరడం మొదలుపెట్టాను. మొదట గరగరమని చప్పుడు. పావుగంటకు ఆ చప్పుడు తగ్గింది. గంటకు గిన్నె అద్దం మీద నూనెలా జారింది. మనవరాలు పక్కనే కూర్చుని, "అమ్మమ్మా, ఇది కూడా కొత్త రంగేనా?" అని అడిగింది. "నాకు కొత్తదే తల్లీ, గోదావరికి పాతది" అన్నాను. రెండు చిన్న గిన్నెల్లో వాటిని పోసి ఆరబెట్టుకున్నాం. పచ్చిమట్టి ఒకటి, కాల్చిన మట్టి ఒకటి.

ఆ తరవాతి ఆషాఢంలో మళ్ళీ కోటిలింగాల రేవుకు వెళ్ళాను. ఎర్రనీళ్ళు వచ్చాయి. కాగితం తడిపి, మట్టి రంగును మజ్జిగలా కలిపి పరిచాను. రేణువులు కాగితం గుంటల్లోకి దిగి, ఆగాయి. పైన వానమబ్బుకు అల్ట్రామెరైన్, దూరంగా హావ్‌లాక్ వంతెనకు దానిలోనే కాస్త కాల్చిన మట్టి. తలెత్తి నదిని చూశాను, కాగితాన్ని చూశాను. రెండింటి రంగూ ఒకటే. ఒకటే కావడంలో వింతేముంది, రెండూ ఒకటే మట్టి.

ఎండ తగిలే మా ఇంటి కిటికీకి ఇప్పుడు రెండు పట్టీలు ఉన్నాయి. ఒకటి ఆ మెరుపు గులాబీది. అట్ట కింద ఉన్న సగం పువ్వులా ఉంది, ఎండ చూసిన సగం పాలిపోయింది. రెండోది గోదావరి మట్టిది. పోయిన ఉగాదికి పెట్టాను, దసరాకి అట్ట తీశాను. ఎండ చూసిన సగమేదో, చూడని సగమేదో నాకు తెలియలేదు. మనవరాలిని పిలిచి అడిగాను. ఆ పిల్ల కళ్ళు నాకంటే చురుకు. తనకూ తెలియలేదు. మధ్యప్రదేశ్‌లో భీంబేట్కా గుహల్లో ఆదిమానవులు ఇనుము కలిసిన ఎర్రమట్టితో వేసిన బొమ్మలు వేల ఏళ్ళుగా నిలిచి ఉన్నాయి. మట్టి రంగులు అలాంటివి. ఆ పిల్ల గదిలో వెలిసిన కాగితం పూలు తీసేసి, ఆ చోట ఎర్రనీళ్ళ గోదావరిని తగిలించాను. ఈసారి అది ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలిసి ఇచ్చాను.

మీ ఇంట్లో పిల్లల రంగుల డబ్బా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని తియ్యండి. ఒక తెల్ల పళ్ళెం, రెండు గ్లాసుల నీళ్ళు పెట్టుకోండి. ఒక్క రంగు తీసుకుని, పెరుగులా, మజ్జిగలా, తేటలా కలిపి చూడండి. ఆరేదాకా ఆగండి. తరవాత మీ ఊరి చెరువు దగ్గరికో, కాలవ గట్టుకో వెళ్ళి, ఆ నీళ్ళ రంగు నిజంగా ఏమిటో చూడండి.